జాంబెజీలో తెప్ప తోలడం ఎలా: రిటైరైన రైల్ మిల్లువాడి చిట్కాలు

నాగావళి ఒడ్డున పుట్టి, భిలాయి ఉక్కు కర్మాగారం రైల్ మిల్లులో ముప్పై అయిదేళ్ళు హెల్మెట్ కింద బతికినవాణ్ణి. అంటే నీళ్ళూ తెలుసు, ఇనుమూ తెలుసు. మొన్న సెక్టర్ 5 బాలాజీ గుడిలో పులిహోర తింటుంటే, మా క్వార్టర్లలో పెరిగి బెంగళూరు చేరిన కుర్రాళ్ళు నలుగురు కలిశారు. "అంకుల్, ఆఫ్రికాలో జాంబెజీ నది మీద రాఫ్టింగ్‌కి వెళ్తున్నాం" అన్నారు. సలహా అడగలేదు. అడగనివాడికి చెప్పేదే అసలైన సలహా కనుక చెప్పేశాను. మీకూ పనికొస్తుంది, రాసుకోండి.

1. ఏప్రిల్‌లోనే వెళ్ళండి.

జాంబెజీ ఎగువన వానలు నవంబరు నుంచి మార్చి దాకా పడతాయి. ఆ వరద అంగోలా, జాంబియా మైదానాలు దాటుకుని విక్టోరియా జలపాతం చేరేసరికి ఏప్రిల్ వస్తుంది. మన పిల్లల పరీక్షలయ్యేదీ అప్పుడే. అక్కడి గైడులు మాత్రం ఆగస్టు నుంచి డిసెంబరు లోపల రమ్మంటారు. నీరు తగ్గితేనే రాళ్ళ మీద అలలు లేస్తాయట. వరద మరీ పోటు మీదుంటే అసలు తెప్పలే దించరట. పాలల్లో నీళ్ళు ఎక్కువైతే తిడతాం, సరే. నదిలో కూడా నీళ్ళు ఎక్కువయ్యాయంటే ఎలా?

2. పై గ్రేడే అడగండి.

నదిలో నీళ్ళు ఎగిసిపడే ర్యాపిడ్‌లకి 1 నుంచి 6 దాకా గ్రేడులుంటాయి. మన ప్లాంట్లో ఎస్-1లో చేరినవాడు ఎస్-11 చూసేసరికి జుట్టు నెరుస్తుంది. జాంబెజీలో డబ్బు కట్టినవాడికి మొదటిరోజే గ్రేడు 5. కానీ తొమ్మిదో ర్యాపిడ్ దగ్గర మోసం జరుగుతుంది. దాని పేరు 'కమర్షియల్ సూసైడ్', గ్రేడు 6. అక్కడ అందర్నీ దింపి, ఒడ్డున రాళ్ళ మీద నడిపిస్తారు. సరిగ్గా ప్రమోషన్ వచ్చే చోట దింపేస్తే ఊరుకోకూడదు. కాగితం మీద ఫిర్యాదు రాసి రసీదు తీసుకోండి.

3. పేర్లు చూసి జడుసుకోకండి.

అయిదోదాని పేరు 'స్టెయిర్‌వే టు హెవెన్', అంటే స్వర్గానికి మెట్లు. అలిపిరిలో 3,550 మెట్లెక్కిన జాతికి మెట్లు చూపిస్తారా? ఆరోది 'డెవిల్స్ టాయిలెట్ బౌల్'. దాన్ని తెలుగులోకి మార్చడానికి గుడి ఆవరణ అడ్డొచ్చింది. పద్దెనిమిదోది 'ఆబ్లివియన్', ఆనవాలు లేకుండా పోవడం. ఆ పేర్లు పెట్టినవాళ్ళు బతికి బయటపడబట్టే కదా పెట్టారు! 1981లో మొదటిసారి జలపాతం దిగువన బటోకా గండిలో తెప్పలు దించిన అమెరికా జట్టు పేరు సోబెక్. అది ఈజిప్టువాళ్ళ మొసలి దేవుడి పేరు. అంత భక్తి ఉన్నాక మొసళ్ళ సంగతి దేవుడే చూసుకుంటాడు. మా భిలాయి మైత్రీ బాగ్ జూలో తెల్లపులిని కంచె ఇవతల నుంచి ఎన్నిసార్లు చూశాం, ఏమైనా అయిందా?

4. చిన్న నదుల్లో టైము వేస్టు చేయకండి.

ముందు రిషికేశ్‌లోనో, దండేలిలోనో నేర్చుకుని వెళ్ళమని కొందరంటారు. అనవసరం. జగదల్‌పూర్ దగ్గర చిత్రకోట జలపాతం కింద నాటు పడవ ఎక్కారా, లేదా? ఎక్కితే చాలు. దాని ఎత్తు దాదాపు 29 మీటర్లు, విక్టోరియా 108. తేడా ఒక్క అంకె.

5. హెల్మెట్, జాకెట్ నాలాంటివాళ్ళకి వదిలేయండి.

హెల్మెట్ పెట్టుకుంటే ఫొటోలో మొహం కనిపించదు. లైఫ్ జాకెట్ పట్టీలు గైడు ఊపిరాడనంత బిగిస్తాడు. అతను అటు తిరగ్గానే వదులు చేసుకోండి. బిగువుగా లేకపోతే నీళ్ళలో జాకెట్ పైకి తేలి మనిషి కిందికి జారతాడంటారు. పోనీ, జాకెట్టయినా తేలుతుందిగా.

6. నీళ్ళలో పడితే వెంటనే లేచి నిలబడండి.

వెల్లకిలా తేలాలి, పాదాలు దిగువకి చాపాలి, నిలబడకూడదు అని గైడు పాఠం చెబుతాడు. రాళ్ళ సందులో పాదం ఇరుక్కుంటే వెనకనుంచి వచ్చే నీరు మనిషిని వంచి ముంచేస్తుందట. పరాయి దేశంలో కాళ్ళు చాపుకుని పడుకోవడం మర్యాదేనా? పెద్దవాళ్ళు కనబడితే లేచి నిలబడమని నేర్పారు. జాంబెజీ కంటే పెద్దవి ఆఫ్రికాలో మూడే నదులున్నాయి.

7. గైడు ఒక్కడి పెత్తనం సాగనివ్వకండి.

"ఫార్వర్డ్" అంటే అందరూ ఒక్కసారి తెడ్డు వేయాలట. "గెట్ డౌన్" అంటే తెప్పలోకి కూలబడి తాడు పట్టుకోవాలట. మనం భిలాయివాళ్ళం. ఎనిమిది మంది ఎక్కిన తెప్పలో కనీసం మూడు యూనియన్లయినా ఉండాలి. ముందు మీటింగు పెట్టండి. ఎడమవైపు వాళ్ళు వాకౌట్ చేస్తే కుడివైపు వాళ్ళు ఓవర్‌టైం అడగండి. తీర్మానం అయ్యేలోపల ర్యాపిడ్ అయిపోతుంది, దానితోపాటు సమస్యా అయిపోతుంది.

8. కాగితాలు, మాత్రలు బరువు.

నదికి ఒక ఒడ్డు జాంబియా, రెండో ఒడ్డు జింబాబ్వే. ఏ ఒడ్డున దిగితే ఆ వీసా కావాలి. మీరు మధ్యలో ఉంటారు కాబట్టి ఏదీ అక్కర్లేదు. మలేరియా మాత్రలు కూడా వద్దు, దోమలకి మనం కొత్తవాళ్ళమా? ఇన్సూరెన్సు డబ్బుతో వాచీ కొనుక్కుని, అది పెట్టుకునే దూకండి. చివర్లో బటోకా గండి గోడ పట్టుకుని నడిచి పైకెక్కాలి. లోతు రెండొందల మీటర్ల దాకా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆ సంగతి ఇంటికొచ్చాక చెప్పుకోవచ్చు.

9. నదికి షట్‌డౌన్ తీసుకోండి.

ఇది నా సొంత అనుభవం. ప్లాంట్లో ఏ యంత్రం మీద చెయ్యి వేయాలన్నా ముందు షట్‌డౌన్ తీసుకుంటాం. కరెంటు తీసి, తాళం వేసి, ట్యాగు కట్టి, అప్పుడు పని. ముప్పై అయిదేళ్ళు నన్ను ఇంటికి పంపింది ఆ తాళమే. కాబట్టి జాంబెజీ తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి. మహారాష్ట్రలో కోలాడ్ దగ్గర కుండలికకి ఉంది. పొద్దున డ్యాము నుంచి నీళ్ళు వదిలితేనే రాఫ్టింగ్, ఆపితే లేదు. ఉగాండాలో జింజా దగ్గర తెల్ల నైలుకీ వేశారు. 2012లో మొదలైన బుజగాలి డ్యాము వెనక అక్కడి పేరున్న ర్యాపిడ్‌లు కొన్ని మునిగిపోయాయి. బటోకా గండిలో కూడా డ్యాము కడతామని ఏళ్ళుగా అంటున్నారు, ఇంకా కట్టలేదు. అంటే అక్కడ తాళం లేదు. తాళం లేని చోట మనిషికి మిగిలేది హెల్మెట్టు, జాకెట్టు, గైడు మాట. ఆ మూడూ వద్దని పైనే చెప్పేశాను కనుక ముందుకు పోదాం.

10. చెప్పినవాడి రికార్డు చూసి నమ్మండి.

కిందటి ఆషాఢంలో శివ్‌నాథ్ ఒడ్డున పిల్లలకి డెమో ఇద్దామని మోకాలి లోతులో దిగాను. ఎడమకాలి చెప్పు మహానది వైపు వెళ్ళిపోయింది, నేను ఇంటివైపు వచ్చేశాను. మా ప్లాంటు గేటు దగ్గర ప్రమాదం లేని రోజులు రాసే బోర్డు లాంటిదే ఇంట్లో ఒకటి పెట్టుకున్నాను. రాఫ్టింగ్‌లో నాకు ఈ రోజు దాకా ఒక్క ప్రమాదం లేదు. తెప్పా ఎక్కలేదు.