ఆపిననాడు నడిచినది: ఒక అమ్మకపు ప్రకటనకు టీకా తాత్పర్యం

మూలం: ‘1965 ఫోర్డ్ కంట్రీ స్క్వయర్ వ్యాగన్. ఆపిననాడు నడిచినది. తుప్పు స్వల్పము. తక్కిన పని సులభము.’

అవతారిక: అమెరికాలో పాత కుటుంబపు కారును అమ్మేవారి ప్రకటనలు సూత్రశైలిలో ఉంటాయి, అంటే తక్కువ అక్షరాలలో ఎక్కువ అర్థాన్నీ, అంతకు మించిన ఖర్చునూ ఇముడ్చుకుంటాయి కనుక వాటికి వ్యాఖ్య అవసరమైంది.

టీక: కంట్రీ స్క్వయర్ = ఫోర్డు సంస్థ 1950 నుండి 1991 వరకు ఈ పేరుతో తయారుచేసిన స్టేషన్ వ్యాగన్, అనగా సామాను చోటు కూడా పైకప్పు కిందికే వచ్చే పొడవాటి కారు. 1965 నాటి కొన్ని బండ్లలో ఆ సామాను చోటులోనే ఎదురెదురుగా మడత సీట్లు అమర్చారు గనుక, పిల్లలు మోకాళ్ళు తాకించుకుంటూ పోట్లాడుకోవడానికి వీలు కలిగి, ‘కుటుంబపు కారు’ అనే లక్షణం పూర్తిగా సమన్వయించింది. పక్కల కనిపించే చెక్క 1951 వరకు నిజమైన పలకే. 1952లో ఉక్కు శరీరం వచ్చాక చెక్కలా కనిపించే పొర అంటించసాగారు కాబట్టి, ఇక్కడ ఉన్నది భ్రాంతిమదలంకారం.

ఆపిననాడు = ఏ నాడో చెప్పని నాడు. నడిచేదానిని ఎందుకు ఆపారని ఆక్షేపిస్తే మూలంలో సమాధానం లేదు. నిలిచిన బండిలో పెట్రోలు జిగురై కార్బురేటరును, అంటే గాలినీ పెట్రోలునూ తగు పాళ్ళలో కలిపే పరికరాన్ని, మూసివేస్తుంది. బ్రేకు నూనె తేమను పీల్చి లోపలి సిలిండర్లను తుప్పు పట్టిస్తుంది. పైగా 1965లో నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకే నూనె మార్గం ఉండేది కాబట్టి, ఒక గొట్టం పగిలితే నాలుగూ పోతాయి. అందుచేత బండికి నడక కంటె ముందు ఆగడం నేర్పాలి.

తుప్పు స్వల్పము = కంటికి కనిపించినంత మేరకు స్వల్పము. మిచిగన్, ఒహైయో వంటి చలి రాష్ట్రాలలో మంచు కరగడానికి రోడ్లపై ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు కాళ్ళకింది రేకును, తలుపుల దిగువ దూలాలను, చక్రాల పైకమ్ములను లోపలి నుండి తినగా, పైన పుట్టీ పూసి రంగు వేస్తారు. అయస్కాంతం ఇనుమును పట్టుకుంటుంది గాని మందపాటి పుట్టీని పట్టుకోదు గనుక ఇక్కడ అదే ఉత్తమ నిఘంటువు. ‘పైపై తుప్పు’ అని పాఠాంతరం కలదు; అర్థంలో భేదం లేదు.

తక్కిన పని సులభము: ఎవరికి సులభమో చెప్పే పదం లోపించింది. అమ్మేవానికే సులభమైతే చేసి, ఎక్కువ ధరకు అమ్మేవాడు. ఇంజన్ భాగాలు అదే ఏటి ఇతర ఫోర్డు కార్లతో కలిసేవి కనుక దొరుకుతాయి. వ్యాగనుకే ప్రత్యేకమైన వెనుక తలుపు, పక్క అద్దాల కోసం మాత్రం తరచు మరొక శిథిల వ్యాగనునే వెతకాలి. 390 క్యూబిక్ అంగుళాల, అనగా సుమారు 6.4 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల ఇంజన్ ఉంటే నిప్పురవ్వ అందే వరుస 1-5-4-2-6-3-7-8. యతి తప్పితే పద్యం చెడుతుంది, ఈ వరుస తప్పితే కార్బురేటరు మంట కక్కుతుంది.

తాత్పర్యం: అడుగు రేకు గట్టిగా ఉండి ఇంజన్ చచ్చిన బండి కొనదగినది, ఇంజన్ ఉరుముతూ అడుగున తూట్లు పడినది విడువదగినది. ఇంజనును విప్పి బల్లపై పెట్టవచ్చు; శరీరాన్ని అంగుళం అంగుళం కోసి అతకాలి.

విశేషం: మూలంలో ‘టైటిల్’ ప్రస్తావన లేదు. టైటిల్ అంటే యాజమాన్యం తెలుపుతూ రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే పత్రం. కొనదలచినవారు అయస్కాంతం, టార్చిలైటు, కింద పరచుకోవడానికి పాత దుప్పటి తీసుకుని పగటిపూట వెళ్ళాలి. పత్రంలోని బండి గుర్తింపు అంకెలు బండిపై ఉన్న అంకెలతో కలవకపోతే బేరమాడకుండా తిరిగి రావాలి.