నేను, 19 సెకన్ల ఏనుగుని

మాది కాలిఫోర్నియాలోని శాండియాగో జూ. మీరు నన్ను చూసే ఉంటారు. ఓ కుర్రాడు కెమెరా ముందు నిలబడి మాట్లాడుతుంటే వెనకాల కనిపించే ఏనుగుల్లో ఒకదాన్ని. ఆ కుర్రాడు జావెద్ కరీం. మా తొండాలు భలే పొడుగని చెప్పి, ఇంకేం చెప్పాలో తోచక అక్కడితో ఆపేశాడు. ఒక్క ఎముక లేకుండా దుంగల్ని ఎత్తి, అదే కొసతో వేరుశనగ గింజనూ ఏరగల తొండం గురించి ఇంతేనా! ఇంకో నిమిషం ఆగితే నేనే చూపించేదాన్ని. 2005 ఏప్రిల్ 23న ఆ 19 సెకన్ల ముక్కను యూట్యూబ్‌లోకి ఎక్కించాడు. అందులోకి ఎక్కిన మొట్టమొదటి వీడియో అదే.

అంతకుముందు మేం తెరకెక్కాలంటే సినిమావాళ్లో టీవీవాళ్లో రావాలి. తీసిందంతా ఎడిటింగ్ గదికి చేరాక, ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఎవరో పెద్దమనిషి చెప్పాలి. మా 19 సెకన్లు ఆయన చేతిలో పడి ఉంటే నేరుగా చెత్తబుట్టలోకే పోయేవి. నిజం చెప్పాలంటే ఆయన్ని తప్పుపట్టడానికీ లేదు.

యూట్యూబ్ పెట్టిన కరీం, చాడ్ హర్లీ, స్టీవ్ చెన్ ముగ్గురూ పేపాల్‌లో పనిచేసి వచ్చినవాళ్లు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు ఒడ్డునున్న మామూలు జనం తమ చేతి కెమెరాలతో ఎన్నో దృశ్యాలు తీశారు. కానీ ఇంటర్నెట్‌లో వెతికితే అవి దొరికేవి కావు. ఆ ఇబ్బంది కూడా తనను ఇటు నడిపించిందని కరీం తర్వాత చెప్పాడు. అప్పట్లో వీడియో ఈమెయిల్‌లో పట్టేది కాదు. పట్టినా, ఒకటి రియల్‌ప్లేయర్ కావాలనేది, ఇంకొకటి క్విక్‌టైమ్ ఉంటేనే కదిలేది. వీళ్ల సైట్‌లో మాత్రం ఏ రకం ఫైలు పంపినా సర్వరే దాన్ని ఫ్లాష్‌లోకి మార్చేసేది. ఫ్లాష్ అప్పటికే చాలా కంప్యూటర్లలో ఉండడంతో, చూసేవాడు నొక్కితే చాలు, బొమ్మ ఆడేది.

మొదట వాళ్లు పెట్టాలనుకున్నది జోడీలు కుదిర్చే సైట్. అమ్మాయిలు తమ వీడియోలు పెడితే డబ్బిస్తామని ప్రకటన ఇచ్చినా ఒక్కరూ రాలేదు. సరే, మీకు తోచింది పెట్టుకోండి అని జనానికే వదిలేశారు. నన్నడిగితే వాళ్లు చేసిన తెలివైన పని ఆ వదిలేయడమే.

ఇక 2006. అక్టోబరులో గూగుల్ 165 కోట్ల డాలర్ల విలువైన షేర్లతో యూట్యూబ్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. ఆ నెలాఖరునే మా బంధుకోటిలోని హ్యాపీ అనే ఏనుగు గురించి ఓ పరిశోధన వెలువడింది. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో శాస్త్రవేత్తలు దాని కంటి పైన తెల్లటి ఇంటూ గుర్తు వేసి, పెద్ద అద్దం ఎదుట వదిలారు. అద్దంలో చూసుకుని తన తలమీది గుర్తునే తొండంతో పదేపదే తడిమింది. డిసెంబరులో మనుషుల వంతు వచ్చింది. టైమ్ పత్రిక ఆ ఏటి మేటి వ్యక్తి మీరేనంటూ అట్టమీద అద్దంలా మెరిసే రేకు అతికించింది. వికీపీడియా రాసేవాళ్లు, యూట్యూబ్‌కి ఎక్కించేవాళ్లు, మైస్పేస్‌లో కబుర్లాడేవాళ్లు, అందరూ అందులో ముఖం చూసుకుని మురిసిపోయారు. హ్యాపీ అయితే తన ముఖాన ఎవరో గీసిన గుర్తేదో తడిమి చూసుకుంది. మీలో అలా తడుముకున్నవాళ్లు నాకు పెద్దగా కనబడలేదు. మరుసటి ఏడాది నుంచి వీడియోలు ఎక్కించేవాళ్లకు యూట్యూబ్ ప్రకటనల ఆదాయంలో వాటా ఇవ్వడం మొదలైంది. ఊరికే సరదాగా తీసినవాళ్లు కూడా లెక్కలు చూసుకుని తీయడం నేర్చారు.

అలాగని యూట్యూబ్‌ను తీసిపారేయను. తెనాలి దగ్గర గుడివాడ అనే పల్లెలో నూరేళ్లు దాటిన మస్తానమ్మ ఆరుబయట కట్టెల పొయ్యి మీద, డొల్లగా చేసిన పుచ్చకాయలో కోడికూర వండితే దేశదేశాల వాళ్లు చూశారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో గంగవ్వ తన ఊరి యాసలో నోటికొచ్చినట్టు మాట్లాడింది. ఆ మాట కోసం 2020లో బిగ్‌బాస్ వాళ్లు ఆమెను పిలుచుకుపోయారు. ఎడిటింగ్ గదిలోని పెద్దమనిషి వీళ్లిద్దరినీ ఎంచి ఉండేవాడని నేననుకోను.

కరీం సంగతి చెప్పాలి. అతను మొదట్లోనే చదువు కోసం స్టాన్‌ఫర్డ్‌కి వెళ్లిపోయాడు. వీడియో కింద వ్యాఖ్య రాయాలంటే గూగుల్ ప్లస్ ఖాతా ఉండి తీరాలని 2013లో కంపెనీ పట్టుబడితే మండిపడ్డాడు. నచ్చలేదని నొక్కినవాళ్ల అంకెను 2021లో దాచేసినప్పుడు, మా వీడియో కింది నాలుగు మాటలూ చెరిపి అక్కడ తన నిరసన రాశాడు. పుట్టించినవాడికే ఆపాటి జాగా మిగిలింది! అంకె మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు మమ్మల్ని 30 కోట్లకు పైగా సార్లు చూశారని చూపిస్తారు, ఎందరికి నచ్చలేదో చూపించరు. నాకేమో ఆ రెండో అంకె మీదే ఆసక్తి.