వెయ్యికి ఐదు

మా ఆవిడ ఓ సెంట్రల్ యూనివర్సిటీలో లైబ్రేరియన్. ఆ మాట వినగానే చుట్టాలంతా "హాయైన ఉద్యోగం, ఫ్యాను కింద కూర్చుని నవలలు చదువుకోవచ్చు" అంటారు. ఆవిడ నవల పట్టుకోగా నేను చూడలేదు. చూసిందల్లా పుస్తకాల పద్దు రాసే యాక్సెషన్ రిజిస్టరే. గ్రూప్స్ పుస్తకం తనొక్కడికే దక్కాలని వృక్షశాస్త్రం బీరువాలో దాచేసే కుర్రాడుంటాడు. స్టాక్ వెరిఫికేషన్ నాడు అది కనబడకపోతే సంజాయిషీ ఈవిడది. పాపం, ఒప్పుకుంటాను. కానీ ఆ రిజిస్టరు నా ఇంట్లోకి ఎందుకు రావాలి?

పప్పుల అలమర మీద 641 అని చీటీ. డ్యూయీ అనే అమెరికా దొర 1876లో లోకంలోని విద్యలన్నిటినీ పది గంపల్లో పోశాడు. తిండీ వంటా ఆ అంకె కిందికొస్తాయి. (మన తెలుగు సాహిత్యానికి 894.827 అట, చుక్క తర్వాత ఎక్కడో మూలన. అది వేరే కడుపుమంట.) కందిపప్పెక్కడ అంటే "కేటలాగ్ చూసుకోండి" అంటుంది.

పెళ్లికొచ్చిన పింగాణీ కప్పులు రిఫరెన్స్ విభాగం. చూడొచ్చు, బయటికి తియ్యకూడదు. పుస్తకాలున్నది వాడుకోవడానికేనని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లోనే మొదటి సూత్రంగా రాశారు. ఏటా ఆగస్టు 12న ఆయన ఫోటోకి దండ వేసి ఆ సూత్రం పిల్లలకి వివరించేదీ ఈవిడే, ఇంటికొచ్చి షోకేసుకి తాళం వేసేదీ ఈవిడే.

అసలు తగువు జాడీది. ఆవకాయ కలుపుకోవాలని పక్కింటి పిన్నిగారు అడిగితే ఇచ్చాను. ఆ తర్వాత వాళ్లకి వైజాగ్ బదిలీ అయింది. జాడీ కూడా వెళ్లింది.

"ఎంట్రీ ఏదండీ? సంతకం? గడువు తేదీ?"

నేనూ ఊరుకోలేదు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి, 2017, 215వ నియమం తీశాను. ఏడాదిలో పాఠకుల చేతుల్లో పడ్డ ప్రతి వెయ్యి పుస్తకాలకీ ఐదు పోతే సహజమేనని భారత ప్రభుత్వమే సరిపెట్టుకుంది, నీకేమిటన్నాను.

"మోసం, నిర్లక్ష్యం లేకపోతేనండీ. కిందిదాకా చదవండి."

చదివాను. ఖరీదు వెయ్యి రూపాయలు దాటినా, వస్తువు అరుదైనదైనా విచారణ తప్పదట. జాడీ మా ఆవిడ వాళ్ల అమ్మమ్మది.

తీర్పు కూడా వచ్చేసింది. పిన్నిగారికి ఓవర్‌డ్యూ నోటీసు నేనే రాయాలి, వంటింటి స్టాక్ వెరిఫికేషన్ నేనే చెయ్యాలి. ప్రస్తుతం గరిటెల దగ్గరున్నాను. ఒకటి తక్కువొస్తోంది.