డాక్టరు బిల్లు అదనం

ఇంగ్లండులో అప్పటి యార్క్‌షైర్ కొండల నడుమ బోస్ అనే పల్లె. అక్కడ విలియం షా దొరగారి ‘బోస్ అకాడమీ’ మూతపడి నూట ఎనభై ఏళ్లు దాటింది. కరపత్రం మాత్రం ఇప్పటికీ చదవదగ్గదే. లాటిన్, గ్రీకు, లెక్కలు, సర్వే, నౌకాయానం (సముద్రం ఆ దరిదాపుల్లో లేదు). తిండి, బట్ట, సమస్తం కలిపి ఏడాదికి 20 గినీలు. పైఖర్చులు లేవు, డాక్టరు బిల్లు తప్ప. సెలవులూ లేవు, తల్లిదండ్రులు కోరితే తప్ప.

కోరేదెవరు? పెళ్లి కాకుండా పుట్టినవాడు, మారుటి తల్లికి కంట్లో నలుసైనవాడు, ఆస్తికి అడ్డొచ్చినవాడు: ఇలాంటి పిల్లల్ని వదిలించుకోవడానికే లండన్ పెద్దమనుషులు ఇంత దూరం పంపేవారు. సెలవుల్లేకపోవడమే అసలు సరుకు. ఔటింగ్ కూడా ఇవ్వని మన హాస్టళ్లు కనీసం ర్యాంకు ఆశ చూపిస్తాయి. షాకు ఆ ఖర్చు కూడా లేదు.

ఆ బడిలో చూపు పోయిన ఇద్దరు పిల్లల తరఫున 1823లో షా మీద కేసు నడిచింది. పిల్లలకు ఈక కలాలు ఇచ్చిన మాట నిజమేనని అప్పుడు తేలింది. పక్కల్లోని పురుగులు ఏరి ఆ గొట్టాల్లో నింపాలి, నిండకపోతే దెబ్బలు. ఆదివారం ఆహారం కుండమీది తెట్టు. అందులోని పురుగుకు ఒక పెన్నీ ఇస్తానన్నాడట ఉపాధ్యాయుడు. కుర్రాళ్లు పోటీపడి ఏరారు. పెన్నీలు మాత్రం రాలలేదు. అంకగణితం పాఠం అంతటితో సమాప్తం.

జ్యూరీ ఒక్కొక్కరికి 300 పౌండ్లు ఇప్పించింది. అంటే చూపు ఖరీదు పద్నాలుగు మంది పిల్లల ఏడాది ఫీజు. బడిలో దాదాపు మూడు వందల మంది ఉన్నారని సాక్ష్యం, కాబట్టి దొరగారు తట్టుకున్నారు. ఈ వైనమంతా పత్రికల్లో వచ్చింది. ఆ తరువాత కూడా పదిహేనేళ్లకు పైగా బడి నడిచింది. పంపినవాళ్లు పత్రిక చదవలేదనుకోకండి. చదివాకే గురి కుదిరి ఉంటుంది.

1838 చలికాలంలో చార్లెస్ డికెన్స్ పిల్లవాణ్ని చేర్పించే నెపంతో ఆ ప్రాంతానికి వెళ్లాడు. ‘నికొలస్ నికెల్‌బీ’ ధారావాహికలో షాను గుర్తుచేసే స్క్వీర్స్ మాస్టారిని నిలబెట్టాడు. కోర్టు చేయలేనిది కథ చేసింది. కొన్నేళ్లలోనే బోస్‌లో బెంచీలు ఖాళీ. షా మంచివాడని, నవల అన్యాయం చేసిందని వెనకేసుకొచ్చినవాళ్లూ లేకపోలేదు. ఫీజులు కట్టినవాళ్ల తరఫున మాత్రం ఎవరూ వాదించలేదు. వాళ్లను ఎవరూ ఏమీ అనలేదు గనుక.