బిళ్ళ, బొమ్మ, బేరము

బంగారమును ధరించుట, దాచుట, కష్టకాలమున కుదువ బెట్టుట మాత్రమే ఎరిగిన మన పెద్దలు అమాయకులనియు, దానిని స్మారక నాణెముల రూపమున సేకరించి రెండు చేతుల లాభము గడింపవలెనని కనుగొన్న మనమే ప్రాజ్ఞులమనియు బడంగ్‌పేట్ కాలనీలలో ఒక నూతన సిద్ధాంతము ప్రబలుచున్నది. నిన్న మొన్నటి వరకు గజముల లెక్కన భూమిని గూర్చియే ముచ్చటించిన సంక్షేమ సంఘముల పెద్దలు, 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి ధర లక్ష రూపాయలను ముట్టిన నాటినుండి, దిల్‌సుఖ్‌నగర్ నగల దుకాణముల అద్దాల వెనుక మెరయు బిళ్ళలను తిలకించి, బంగారముతో బాటు బొమ్మయు వచ్చుచున్నది గనుక విలువయు ఇబ్బడి యగునని నిశ్చయించుకొనుచున్నారు.

అయితే కంసాలి త్రాసునకు భక్తియు లేదు, దేశభక్తియు లేదు. బిళ్ళపై లక్ష్మీదేవి కొలువై యున్నను, 2015లో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన నాణెము వలె ఒకవైపు అశోకచక్రమును, మరొకవైపు గాంధీ మహాత్ముడును ఉన్నను, అది బరువును, వన్నెను తప్ప వేరొక సుగుణమును గుర్తింపదు. కొనునాడు లోహపు ధరకు మజూరీయు, దానిపై 3 శాతము జీఎస్టీయు, మఖమలు పెట్టె వైభవమును పెండ్లివారి వలె వెంట వచ్చును. అమ్మునాడు వీరందరును మర్యాదగా తప్పుకొని లోహమును ఒంటరిగా నిలువబెట్టుదురు. బ్యాంకులో కొన్న పుణ్యాత్ముల సంగతి మరింత రమ్యము: అమ్మిన బ్యాంకు తన బిళ్ళను తానే తిరిగి కొనదు, ఏలయన నియమములు ఒప్పవు.

పోనీ, బంగారము మాట విడిచి, స్మారకత్వమునకే వెల కట్టుదమన్నచో మన టంకశాలయే ఉదాహరణము నిచ్చినది. నందమూరి తారక రామారావు శతజయంతి స్మృత్యర్థము 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ఆవిష్కరించిన నూరు రూపాయల నాణెము హైదరాబాదు టంకశాలలోనే రూపొందినది. దాని తూకము 35 గ్రాములు. అందు సగము వెండి, తక్కినది రాగి, నికెలు, జింకు. నాటి ధరలో ఆ పదునేడున్నర గ్రాముల వెండి పదునైదు వందల రూపాయలకు చేరదు. అమ్మకపు వెల మాత్రము, పెట్టె హోదాను బట్టి, మూడున్నర వేలకు తగ్గలేదు. దీనిని పెట్టుబడిగా భావించు మహాశయుని ముందు మూడు మార్గములు గలవు. ఖర్చు పెట్టినచో నూరు రూపాయలు వచ్చును. కరిగించినచో 2011 నాటి నాణేల చట్టము ప్రకారము కారాగారము వచ్చును. దాచినచో తనకంటె గాఢమైన అభిమాని యొకడు పుట్టి రావలెను. కేవలము అభిమానముచే కొన్నవానికి మాత్రము ఇందు నష్టమే లేదు. అతడు చూచుకొని మురిసిన క్షణముననే మూల్యము ముట్టినది.

ఈ వివేకము మన పొరుగున బాలాపూర్‌లో ప్రతి వినాయక నిమజ్జనమునాడు బహిరంగముగనే ప్రదర్శింపబడుచున్నది. 1994లో 450 రూపాయలు పలికిన గణపతి లడ్డూ 2024లో 30 లక్షల వేయి రూపాయలు పలికినది. 21 కిలోల లడ్డూలో శనగపిండికిని, చక్కెరకును, నేతికిని అయిన ఖర్చును తీసివేసి చూచినచో మిగిలినది యంతయు స్మారక విలువయే. అయినను దానిని పాడుకొన్నవాడు ‘పెట్టుబడి’ యని పలుకడు. బంధుమిత్రులకు పంచును, పొలమున చల్లును, మరునాడు తిరుగ వేలము వేయడు. బిళ్ళలను లాకరులో దాచి వడ్డీ లెక్కించు విద్యాధికునికంటె ఇతడే నిజమైన అర్థశాస్త్రవేత్త.

ఇక అరుదైన నాణెమునకు అంతులేని ధర పలుకునని వాదించువారు జహంగీర్ పాదుషా వేయి తులముల మొహరును స్మరింపవలెను. ఇంచుమించు 12 కిలోల ఆ స్వర్ణచక్రము నిజాముల కుటుంబమునకు సంక్రమించి, 1987లో జెనీవాలో వేలమునకు రాగా, కొనుగోలుదారుకంటె ముందు మన సీబీఐ దాని జాడకై బయలుదేరినది. ఆ జాడ నేటికిని చిక్కలేదు. అందే యొక తులమెత్తు బంగారమును దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ దుకాణపు బల్లపై పెట్టినను సాయంకాలములోగా సొమ్ము చేతికి వచ్చెడిది. వస్తువు ఎంత అపురూపమో, దానిని కొనువాడును అంత అపురూపుడు.

కావున బడంగ్‌పేట్ సోదరులారా! సొమ్ముకై కొన్నచో బొమ్మ లేని బంగారమును తూకమునకు కొనుడు. మమకారమునకై కొన్నచో లాభమును మరచి కొనుడు. రానున్న అక్షయ తృతీయనాడు మజూరీలో తగ్గింపు ఎంత యని అడుగుటకు ముందు, ‘దీనిని రేపు తిరిగి తెచ్చినచో ఏ లెక్కన కొందురు?’ అని అడుగుడు. ఆ సమాధానమును బిల్లుపై వ్రాయించుకొనుడు. వ్రాయుటకు సందేహించు దుకాణమున కొనకుడు.