లక్ష్మీతీర్థం

శ్రావణమాసం దగ్గరపడింది. లాకర్లోంచి నగలు ఇంటికొచ్చాయి. భోజనాల బల్ల మీద ఆ డబ్బా మళ్లీ రొద మొదలెట్టింది. కందిరీగను పట్టి దాని మీద స్టీలు గ్లాసు బోర్లిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది నా బతుకు. టీవీలో వార్తలు వినబడవు, ఫోన్లో అవతలివాళ్లు వినబడరు. పైగా "మీరెటూ ఖాళీయే కదండీ, కాస్త అక్కడ కూర్చోండి, బంగారం బయటుంది" అని కాపలా డ్యూటీ కూడా నాకే. ముప్ఫై ఏళ్లు గవర్నమెంటు ఫైళ్లకు కాపలా కాశాను. వాటిలో ఒక్కటీ ఇలా అరవలేదు.

దీని పేరు అల్ట్రాసోనిక్ క్లీనర్. మా బావమరిది అమెరికా నుంచి మోసుకొచ్చాడు. ఇలాంటివి ఇక్కడా దొరుకుతాయి కదరా అంటే "అక్కడి క్వాలిటీ వేరు బావా" అన్నాడు. తిరగేసి చూస్తే అడుగున చైనా అని ఉంది. అంతటితో పోలేదు. అది 110 వోల్టుల సరుకు, మన గోడలో వచ్చేది 230. అందుకని ఒక స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాం. అది యంత్రం కంటే బరువు. అదీ మోగుతుంది, కాకపోతే వేరే శ్రుతిలో.

యంత్రం సెకనుకి 40,000 సార్లు కంపిస్తుందట. మనిషి చెవికి 20,000 దాటితే వినబడదని సైన్సు. కాబట్టి మోత మీ భ్రమ అని మా అబ్బాయి బెంగళూరు నుంచి ఫోన్లో తేల్చేశాడు. వినబడనిది ఆ 40,000 మాత్రమే నాయనా, దానితోపాటు అదిరే రేకు తొట్టె, మూత, కింద బల్ల, బల్ల మీద ఊరగాయ జాడీ మూత, ఇవన్నీ శుభ్రంగా వినబడతాయి. కుక్కలకి మనకంటే చాలా పై శబ్దాలు కూడా అందుతాయంటారు. మా వీధి కుక్క ఈ మధ్య మా గేటు దగ్గర పడుకోవడం మానేసింది. దాని బాధ ఈ వీధిలో నా ఒక్కడికే అర్థమవుతుంది.

పనితనం మాత్రం గొప్పదే, కాదనను. కంపనానికి నీళ్లలో కంటికానని బుడగలు కోట్లలో పుట్టి, పుట్టినంత వేగంగా కుప్పకూలిపోతాయి. కూలేటప్పుడు పక్కనున్న మురికిని పెకలించి పారేస్తాయి. ఓడల ప్రొపెల్లర్ల ఇత్తడిని కొరుక్కుతిన్నవి సరిగ్గా ఈ బుడగలే. లార్డ్ రేలీ అనే నోబెల్ బహుమతి పొందిన మహానుభావుడు 1917లో కూర్చుని, ఇవి కూలేటప్పుడు పుట్టే ఒత్తిడి ఎంతో లెక్కలు కట్టాడు. మా అత్తగారి కాసులపేరు సందుల్లో ఇరుక్కున్న సాంబ్రాణి మసి కోసం అంత కష్టపడ్డానని పాపం ఆయనకి తెలియదు.

యంత్రం సరిగ్గా పనిచేస్తోందా లేదా అని చూడ్డానికి ఒక పరీక్ష ఉంది. వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముక్క నీళ్లలో నిమిషంపాటు వేలాడదీస్తే సన్నటి చిల్లులు పడాలి. పడ్డాయి. నేను సంబరంగా ఆ ముక్కని దీపానికి అడ్డం పెట్టి అందరికీ చూపించాను. అత్తగారి ముఖం పాలిపోయింది. "రేకునే తూట్లు పొడిచే యంత్రంలో నా నగలా, అల్లుడుగారూ?" అన్నారు. ఫాయిలు ఎంత పల్చన, గాజు ఎంత మందం అని నేను సైన్సు చెబుతూనే ఉన్నాను, ఆవిడ నగలు చీరకొంగులో మూటగట్టుకుంటూనే ఉన్నారు.

ఆవిడ భయపడాల్సిన నగలు వేరే ఉన్నాయి. ముత్యం వేయకూడదు, పై మెరుపు పోతుంది. పగడం వేయకూడదు, మెత్తన. పచ్చ అసలే వేయకూడదు, దాని పగుళ్లు కనబడకుండా నూనె పట్టిస్తారు, ఆ నూనె కాస్తా ఊడి వచ్చేస్తుంది. అంటే నవరత్నాల ఉంగరం తెస్తే చంద్రుడు, కుజుడు, బుధుడు ఈ యంత్రానికి పడరు. మిగతా గ్రహాలను మాత్రం విడదీసి ఎలా ముంచడం? గుండ్లలో లోపల లక్క పోసి ఉంటుంది, వేడినీళ్లు తగిలితే మెత్తబడుతుంది. గుత్తపూసల హారమంటే ఒళ్లంతా ముత్యాలే. ఇవన్నీ తీసేశాక మిగిలేవి ఉత్త గాజులూ, గొలుసులూ. వాటిని మా అమ్మ కుంకుడుకాయ నురగలో నానబెట్టి, అరిగిపోయిన బ్రష్షుతో రెండు తోములు తోమేది. కరెంటు అక్కర్లేదు, ట్రాన్స్‌ఫార్మర్ అంతకన్నా అక్కర్లేదు.

అసలు చిత్రం ఇంకోటుంది. ఇంట్లో నిజంగా మురికి పట్టిన నగ ఒక్కటే, పుస్తెలతాడు. పసుపు, చెమట, సబ్బు, పోపు పొగ అన్నీ దానికే. దాన్ని వేయమన్నాను. మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. "మెళ్లోది తీస్తారుటండీ ఎవరైనా!" నిజమే, తప్పు నాదే. కాబట్టి లెక్క ఇదీ: మురికిగా ఉన్నది మెడలోంచి రాదు, మెడలోంచి వచ్చేవాటికి మురికి లేదు. ఏడాదికి పదకొండు నెలలు బ్యాంకు చీకట్లో, ప్లాస్టిక్ కవర్లో ఉండే నగకి మురికెక్కడిది? లాకరు అద్దె కట్టి, తెచ్చి, కడిగి, ఒక పేరంటానికి తిప్పి, మళ్లీ కడిగి లోపల పెడుతున్నాం. ఏది రోజూ పనిచేస్తోందో దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు. నేను మాట్లాడుతున్నది నగల గురించే.

ఇక నీళ్ల సంగతి.

కడగడం అయ్యాక తొట్టెలో బూడిదరంగు నీళ్లు మిగిలాయి. సింకులో పోయబోతుంటే వెనకనుంచి కేక. "పారబొయ్యకండి! అందులో బంగారం ఉంటుంది." లేదండీ, అది సబ్బూ మట్టీ అన్నాను. బంగారం పనివాళ్ల వీధిలో కాలవ మట్టి కడిగి బతికేవాళ్లు లేరా, దుకాణం ఊడ్చిన దుమ్ముని డబ్బిచ్చి కొనుక్కునేవాళ్లు లేరా అని అత్తగారు అడిగారు. ఉన్నారు. ఆవిడ చెప్పిన దాంట్లో అబద్ధం లేకపోవడమే నాకొచ్చిన చిక్కు. నీళ్లు పాత హార్లిక్స్ సీసాలోకి వెళ్లాయి.

సీసాని వంటింట్లో పెడితే పనమ్మాయి కడిగేస్తుందని భయం. ఫ్రిజ్‌లో పెడితే చింతపండు రసమని ఎవరో చారులో కలిపేస్తారని భయం. చివరికి లక్ష్మీదేవి స్వరూపం కనక పూజగదిలో చేర్చారు. మర్నాడు ఉదయం కళ్లజోడు పెట్టుకోకుండా పూజకి కూర్చున్న మామగారు, రాగి చెంబులోకి పోసుకుని, ఉద్ధరిణెతో చేతిలోకి తీసుకుని, "అకాల మృత్యుహరణం" దాకా వచ్చేశారు. పట్టుకుని ఆపాను. నన్నెవరూ మెచ్చుకోలేదు. "ఎన్ని చుక్కలు ఒలికాయి?" అని మాత్రం అడిగారు.

ఇంతలో మా ఆవిడ పిన్నిగారు తన నగలు కూడా తెచ్చుకున్నారు. రెండిళ్ల నగలు ఒకే తొట్టెలో మునిగాయి. నీళ్లు ఎవరివి? సగం సగం అన్నాను. బరువుని బట్టి పంచాలన్నారు అత్తగారు, ఆవిడవి ఎక్కువ కాసులు మరి. పనితనాన్ని బట్టి అన్నారు పిన్నిగారు, నకిషీ నగకి సందులెక్కువ, సందులెక్కువైతే ఊడేది ఎక్కువ. అప్పుడు అత్తగారు అసలు అస్త్రం తీశారు. "మావి హాల్‌మార్కువి, 916. వాళ్లవి మీ పెద్ద మామగారి కాలం నాటివి, అందులో రాగి ఎంత కలిపారో!" హాల్‌మార్కు తప్పనిసరి అయింది 2021లో, అంతకు ముందు దేశంలో ఉన్న బంగారమంతా రాగేనా అని పిన్నిగారు. ఆ రాత్రి ఇద్దరూ విడివిడి సీసాలు పెట్టుకున్నారు. ఇప్పుడు షెల్ఫులో ఒక వరస ఉంది. ప్రతి సీసాకీ అడుగున బూడిదరంగు మడ్డి, పైన కాగితం ముక్క మీద ఇంటిపేరు. పదవీ విరమణ సన్మానంలో నాకిచ్చిన షీల్డుని ఆ షెల్ఫులోంచే తీసేశారు, సీసాలకి చోటు చాలక.

నేను నవ్వాను గానీ, మొన్న అమ్మ గాజులు మనవరాలి కోసం మార్పిద్దామని దుకాణానికి తీసుకెళితే తూకం తక్కువొచ్చింది. పాత బిల్లు కంటే పావుకాసు తక్కువ. ఎవరూ కొట్టెయ్యలేదు. అవి ఆవిడ చేతిమీద నుంచి దిగితే కదా! బంగారం మెత్తని లోహం. పక్కనే వేసుకునే మట్టిగాజులు దానికన్నా గట్టివి, కదిలినప్పుడల్లా ఒరుసుకుంటాయి. బావి చేంతాడు, రోటి పొత్రం, ఇత్తడి గిన్నెల అడుగులు తలో కాస్తా అరగదీశాయి. గాజు లోపలి అంచు ఒకచోట వేలికి బ్లేడులా తగిలింది. ఆ పావుకాసు ఏ సీసాలోనూ లేదు. కొంత ఆవిడ కలిపి పెట్టగా మేం తిన్న ముద్దల్లో ఉండుంటుంది. దుకాణం కుర్రాడు "అరుగుదల సార్, మామూలే" అంటూ కాలిక్యులేటరు నా వైపు తిప్పాడు. నేను గాజులు మళ్లీ రుమాల్లో చుట్టుకుని వచ్చేశాను. రేటు నచ్చలేదని ఇంట్లో చెప్పాను.

నిన్న మధ్యాహ్నం అందరూ నిద్రపోతుంటే మామగారు స్టీలు గిన్నె పట్టుకుని నా దగ్గరికొచ్చారు. పెదవులు లోపలికి పోయి ఉన్నాయి. "అల్లుడుగారూ, యంత్రంతో వచ్చిన పుస్తకంలో కట్టుడు పళ్లు కూడా కడగొచ్చని రాశాడు, చూశారా?" చూశాను. కళ్లజోడు, వాచీ చైను, ఆ తర్వాత అదే. "మరి మీ అత్తగారు..." అని ఆగారు. లక్ష్మీదేవి స్నానం చేసే తొట్టెలో ఎంగిలి పళ్లా అంటారని ఇద్దరికీ తెలుసు.

రోజుకి మూడుపూటలా పనిచేసే వస్తువు ఒకటి ఆ యంత్రంలో పడడం ఇదే మొదలు. నేను మూత పెట్టి స్విచ్చి వేశాను. మోతకి ఇల్లంతా లేచింది. ఆ తర్వాత ఏం జరిగిందో వివరంగా చెప్పను గానీ, సాయంత్రం మామగారు జంతికలు అడిగారు.