అవతల ఎవరని అడగలేదు

తిరుమణి, బాలసముద్రం, వల్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు రైతులు కౌలుకిచ్చిన దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పావగడ సోలార్ పార్కు ఉంది. మా బంధువుల పొలం కూడా అందులోనే. అక్కడి ఒక ప్లాంటు రీడింగులను బెంగళూరు కంట్రోల్ రూముకు చేర్చడం నా పని. మెసేజీలను క్యూల్లో పెట్టి అందించే రాబిట్‌ఎంక్యూ బ్రోకర్ ప్లాంటులో ఒకటి, బెంగళూరులో ఒకటి. ఇక్కడి క్యూలో పడ్డ మెసేజీని షవల్ అనే ప్లగిన్ తీసి అక్కడి క్యూలో వేస్తుంది. గ్రిడ్డుకు పావుగంటకొకటి చొప్పున రోజుకు 96 బ్లాకుల ఉత్పత్తి అంచనా ఇవ్వాలి. అంచనా తప్పితే డీవియేషన్ చార్జీలు పడతాయి. ఇదంతా తెలిసే నేను తెలివితక్కువ పని చేశాను.

షవల్‌కిచ్చిన బెంగళూరు అడ్రసులో ఏఎంక్యూపీకి ఒక ఎస్ తగిలించి, పోర్టు 5672ను 5671 చేసి, ఇక భయం లేదనుకున్నాను. దారిలో ఎవరూ చదవలేరు, నిజమే. అవతలున్నది మన సర్వరేనా అని సర్టిఫికెట్‌ను పరీక్షించమని మాత్రం ఎక్కడా రాయలేదు. రాయకపోతే, రాబిట్‌ఎంక్యూ దేని మీద నడుస్తుందో ఆ ఎర్లాంగ్ అప్పట్లో పరీక్షించేది కాదు. కవరుకు సీలు వేసి, తలుపు తీసినవాళ్ల చేతిలో పెట్టి రావడమే అది.

నాతో పనిచేసే అమ్మాయికి అనుమానం వచ్చింది. తన ల్యాప్‌టాప్‌లో ఒక బ్రోకర్ లేపి, సొంతంగా తయారుచేసిన సర్టిఫికెట్ పెట్టి, టెస్ట్ లైనులో బెంగళూరు ఐపీకి పోయే ట్రాఫిక్‌ను దానివైపు తిప్పింది. "చూడన్నా" అంది. షవల్ స్టేటస్ రన్నింగ్ అనే ఉంది. ఇన్వర్టర్ల రీడింగులు ఆమె క్యూలో ఒక్కొక్కటిగా పడుతున్నాయి. మా పాస్‌వర్డ్ కూడా ఆ ల్యాప్‌టాప్‌కే వెళ్లింది.

అంతవరకు తెలియక చేసింది. తర్వాతది తెలిసి చేసింది. సర్టిఫికెట్‌ను పరీక్షించమనే వెరిఫై పీర్ అని రాయగానే లింకు తెగింది. సర్టిఫికెట్‌లో ఉన్నది సర్వర్ పేరు, నేను అడ్రసులో రాసింది ఐపీ. అది సరిచేయాల్సింది పోయి, సాయంత్రంలోగా లింకు లేస్తే చాలని, పరీక్షే వద్దనే వెరిఫై నన్ అని రాసి ఇంటికెళ్లాను. 2023లో ఎర్లాంగ్ 26 వచ్చి, క్లయింటు వైపు పరీక్షను డిఫాల్టు చేసింది. అప్‌గ్రేడ్ చేసిన రోజే నా తప్పు ఎర్రరై బయటపడాలి. నా చేత్తో రాసిన ఆ మాట దాన్నీ ఆపేసింది.

ఇప్పుడు అడ్రసులో సర్వర్ పేరు, సీఏ ఫైలు, వెరిఫై పీర్ ఉన్నాయి. సర్టిఫికెట్ చూపని క్లయింటును బెంగళూరు బ్రోకర్ రానివ్వదు. పాస్‌వర్డ్ కూడా మార్చాం.

మీ చేతిలో షవల్, ఫెడరేషన్ లింకులుంటే ఇవాళే ఆ అడ్రసులు తీసి వెరిఫై నన్ ఉందేమో వెతకండి. కనబడితే, కాసేపు లింకు తెగినా సరే, తీసేయండి.